నాలుగో జాము పాఠం

నలభై ఆరేళ్ల వయసులో
మళ్లీ హాల్‌టికెట్ మీద ఫొటో అంటించుకున్నాను.
విద్యా సాంకేతికశాస్త్రం, దూరవిద్య.
ఆదివారాలు కాట్రేనికోనలో తొలి బస్సు.
ముమ్మిడివరం దాటేసరికి ఒళ్లో నోట్సు తెరిచేదాన్ని,
రావులపాలెం వంతెన రాగానే మూసేసేదాన్ని.
కిటికీలో గోదారి ఉండగా ఏ నిర్వచనం బుర్రకెక్కుతుంది?

రాజమండ్రిలో మొహిద్దీన్ మాస్టారు
పారదర్శక పలకల మీద రంగుపెన్నులతో రాయడం నేర్పారు.
దీపం వెలిగిస్తే గోడంతా ఆకు అడ్డుకోత.
నేనూ గీశాను. పత్రరంధ్రాలు, రక్షక కణాలు,
అరవై రెండు పలకలు, మధ్యమధ్య బటర్ పేపరు పెట్టి
మా అమ్మ పట్టుచీరలు దాచినట్టు దాచాను.
పట్టా చేతికొచ్చేనాటికి
ఆ మిషనుకి బల్బు దొరకడం మానేసింది.

తర్వాత సీడీలు వచ్చాయి, పోయాయి.
కంప్యూటర్ల గది వచ్చింది, దానికి తాళం వచ్చింది.
తాళం ఇంకా ఉంది.
వేలితో తాకితే పలికే పలక వచ్చింది.
వచ్చిన ప్రతి శిక్షణలోనూ మొదటి బెంచీ నాదే.
"ఇంకా ఎన్నాళ్లమ్మా ఈ చదువు?" అని
స్టాఫ్‌రూంలో వరహాలమ్మ గారు నవ్వితే
"పాస్‌వర్డ్ గుర్తున్నన్నాళ్లండీ" అన్నాను.

ఆఖరి క్లాసులో మొహిద్దీన్ మాస్టారు
మీట నొక్కబోయి, ఆగి, అన్న మాట ఒకటుంది.
"మిషను వెయ్యబోయే ముందు
పిల్లాడి దగ్గర ఏముందో అడగండమ్మా.
మనం అడగం. అదే మన రోగం."
పరీక్షలో రాశాను. పది మార్కుల ప్రశ్న, ఎనిమిది వచ్చాయి.

అడగడం మాత్రం అడగలేదు. పదకొండేళ్లు.

ఆ రోజు తొమ్మిదో తరగతికి
నీళ్లలో కరిగిన ఆక్సిజన్ గురించి వీడియో వేశాను.
నీలం నీళ్లు, ఎర్ర బుడగలు, నవ్వుతున్న చేప.
చివరి బెంచీలో ఏడుకొండలు నిద్ర.
పల్లం నుంచి వస్తాడు,
పిక్కల మీద ఎండిన బురదతో.
డస్టరు బల్లకేసి కొట్టాను.
లేచాడు. కళ్లు నులుముకుని తెర వంక చూశాడు.
"అలాగుండదండి."
మరి?
"నాలుగో జాముకి రొయ్య పైకొచ్చేత్తాదండి.
మీసాలు నీటిపైకెట్టి తిరుగుద్ది.
ఏరేటరు ఆగిందంటే అరగంటండి. అంతే. ఆయ్."
క్లాసంతా నవ్వింది.
వాడు రాత్రుళ్లు చెరువు కాపలా అని
నాకు తెలిసింది అప్పుడే.
హాజరుపట్టీలో దానికి గడి లేదు.

ఆ శనివారం మూడున్నరకి
టార్చిలైటుతో నేను చెరువుగట్టు మీద.
జారుతోంటే చెప్పులు చేత్తో పట్టుకున్నాను.
వాడు మీటరు తీగని నీళ్లలోకి దింపాడు,
పసిబిడ్డ చంకలో థర్మామీటరు పెట్టినట్టు.
మూడు పాయింట్ ఒకటి.
"పొద్దెక్కితే పెరుగుద్దండి."
"ఎందుకురా?" అన్నాను.
ముప్ఫై ఏళ్లలో ఎన్ని వేలసార్లు అడిగుంటానో ఆ మాట,
జవాబు తెలిసి.
"నీళ్లలో పచ్చ ఉంటాది కదండీ.
ఎండలో అది వదిలిందంతా
రాత్రి అదే తినేత్తాదండి."

చీకట్లో నిలబడి లెక్క చూసుకున్నాను.
అరవై రెండు పలకల మీద నేను గీసిన ఆకుకి
రాత్రి లేదు.

ఫోను తీశాను. బొమ్మ రాలేదు, నలుపు.
వాడి గొంతు వచ్చింది,
వెనకాల ఏరేటర్లు నీళ్లని బాదుతున్న చప్పుడు,
మధ్యలో నా దగ్గు.

చెరువు ఆసామితో మాట్లాడాను, వాడి నాన్నతోనూ.
అది వేరే పాఠం. ఇంకా సగంలోనే ఉంది.

సోమవారం కిటికీలు మూయించి,
తెర ఆపేసి,
ఆ చీకటిని క్లాసుకి వినిపించాను.
ఎవరూ నవ్వలేదు.
చివరి బెంచీలో ఏడుకొండలు
చేతుల మీద తల పెట్టి నిద్రపోతున్నాడు.
లేపబోయిన పక్కవాణ్ణి వేలితో వారించాను.
వాడి గొంతు పాఠం చెబుతోంది.
నేను నోట్సు రాసుకుంటున్నాను.